రాయవేలూరు డాక్టరమ్మ

మా పెద్దమ్మాయికి బొడ్డు లేదు. అది ఉండాల్సిన చోట నిలువుగా ఒక మచ్చ ఉంటుంది. చిన్నప్పుడు స్నానాల దగ్గర తోటిపిల్లలు చూసి నవ్వితే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేది. అప్పుడల్లా దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్పేదాన్ని. రాజుల కథ కాదు, రాక్షసుల కథ కాదు. రాయవేలూరు డాక్టరమ్మ కథ. ఆవిడ పేరు ఐడా స్కడర్. నేను ఆవిడను చూడలేదు. నేను పుట్టకముందే, 1960లోనే ఆవిడ కన్నుమూసింది. అయినా ఆవిడ లేకపోతే ఈ రోజు నా బిడ్డ లేదని గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను.

మాది అహోబిలం. దిగువ అహోబిలంలో గుడికి కాస్త దూరంలో మా ఇల్లు. 1989లో నాకు తొలి కాన్పు. ఆ తొమ్మిది నెలల్లో నేను ఒక్కసారి కూడా డాక్టరుకు చూపించుకోలేదు. కారణం డబ్బు కాదు, దూరమూ కాదు. దగ్గర్లో ఉన్న డాక్టరు మగాయన. మా అత్తమ్మ ఒప్పుకోలేదు. మగడాక్టరు చెయ్యి తగిలితే ఇంటి పరువు ఏం కావాలన్నది ఆమె మాట. నిజం చెప్పాలంటే నాకూ సిగ్గే. నేనూ పట్టుబట్టలేదు.

సంక్రాంతి వెళ్లి, స్వామివారు పారువేటకు పల్లకిలో ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో ఇంట్లోనే మంత్రసాని చేతి మీద పురుడయింది. ఆడపిల్ల. ఏడ్చింది కూడా. కానీ మంత్రసాని ఒక్కసారిగా నోరు మూసుకుంది. బిడ్డ పొట్ట మధ్యలో, బొడ్డుతాడు మొదట్లో, మారేడుకాయంత సంచి. పల్చటి పొర. ఆ పొరలోంచి పేగులు కదలడం కనబడుతోంది.

తెల్లారేసరికి వీధి వీధంతా వచ్చింది. గ్రహణం నాడు కూరలు తరిగిందేమో అన్నారు. మా ఊళ్లో ఇంకో మాట కూడా పుట్టింది. ఎగువన జ్వాలా నరసింహస్వామి సన్నిధిలో హిరణ్యకశిపుడి పొట్ట చీల్చే విగ్రహం అందరికీ తెలిసిందే. ఏదో మొక్కు తప్పారు, స్వామి ఉగ్రం బిడ్డ పొట్ట మీద చూపించాడు అన్నారు. ఆ మాట విన్నాక పచ్చి బాలింతనని కూడా చూడకుండా మా అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది.

ఆదుకున్నది ఒక నర్సమ్మ. ఇల్లిల్లూ తిరిగే ప్రభుత్వ నర్సమ్మ. ఆమె వచ్చి ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఉప్పు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా చల్లార్చి, శుభ్రమైన మెత్తటి గుడ్డ అందులో తడిపి ఆ సంచి మీద కప్పింది. దానిపైన ఉతికిన ప్లాస్టిక్ కవరు చుట్టింది. బిడ్డను వెచ్చగా దుప్పట్లో పెట్టి పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టింది. నోట్లో చుక్క కూడా పొయ్యొద్దని చెప్పింది. జిల్లాలో ఒక ఆసుపత్రికి పోతే అక్కడి డాక్టరు ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేసి, ఇది మా దగ్గర అయ్యే పని కాదు, వెంటనే వేలూరు పొమ్మని ఉత్తరం రాసిచ్చాడు. మా ఆయన ఉన్న ఒక్క ఎద్దుల జతనూ అమ్మేశాడు. జీపు మాట్లాడుకుని కడప, రాయచోటి, పీలేరు, చిత్తూరు మీదుగా రాత్రంతా ప్రయాణం. బిడ్డ ఊపిరి ఉందో లేదోనని అడుగడుగునా చెయ్యి పెట్టి చూసుకుంటూనే ఉన్నాను.

వేలూరు ఆసుపత్రిలో బిడ్డను లోపలికి తీసుకెళ్లాక నేను వరండాలో కూలబడ్డాను. అక్కడ ఒక ముసలి ఆయా నా మాట విని తెలుగులో పలకరించింది. ఆమెది చిత్తూరు దిక్కు. నా కథంతా విన్నది. మగడాక్టరని చూపించుకోలేదని చెప్పేసరికి నిట్టూర్చి, ఈ ఆసుపత్రి పుట్టిందే ఆ మాట మీద అంది. తర్వాత వారం రోజులు, పని మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా నా పక్కన కూర్చుని ఐడా డాక్టరమ్మ జీవితం చెప్పింది. ఆ తర్వాత దొరికిన పుస్తకాలూ చదివాను. ఆ కథే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కరువులో పుట్టిన జాలి

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. వేలూరుకు దగ్గరే. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ల వంశం వాళ్లది. తాత జాన్ స్కడర్ 1819లోనే ఓడెక్కి ఇటు వచ్చినవాడు. తండ్రి పేరు కూడా జాన్ స్కడరే, ఆయనా డాక్టరే. తల్లి సోఫియా. అయిదుగురు అన్నల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఐడా.

ఆ పిల్లకు ఆరేడేళ్లప్పుడు 1876 నుంచి 1878 దాకా మహా కరువు వచ్చింది. మన రాయలసీమ పెద్దవాళ్లు ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకునేది దాన్నే. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు శ్మశానాలైపోయాయి. ఉత్తరార్కాటు జిల్లాలోనూ అదే గతి. ఆకలితో చేతులెత్తే బలం కూడా లేని పిల్లలకు రొట్టె ముక్కలు తుంచి నోట్లో పెట్టే పని ఇంట్లోవాళ్లు ఐడాకు అప్పజెప్పారట. దారి పక్కన శవాలు చూసింది. ఆ వయసు పిల్ల చూడాల్సిన దృశ్యాలు కావవి. ఆ భయం ఆమెను చాలా కాలం వదల్లేదు.

1878లో కుటుంబం అమెరికా వెళ్లింది. కొన్నేళ్లకు తల్లిదండ్రులు తిరిగి ఇండియాకు వచ్చేశారు కానీ ఐడాను చదువు కోసం అక్కడే బంధువుల దగ్గర వదిలారు. అమ్మ వెళ్లిపోయిన రాత్రి ఆ పిల్ల అమ్మ మంచం మీద పడుకుని దిండు తడిసేలా ఏడ్చిందని రాశారు. తర్వాత నార్త్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఆడపిల్లల బడిలో చదివింది. అందమైన పిల్ల, అల్లరి పిల్ల. ఇండియా అంటే ఆమెకు కరువు, దుమ్ము, వేడి, అమ్మను తన నుంచి లాక్కున్న దేశం. అందుకే ఒక నిర్ణయం చేసుకుంది. జన్మలో మిషనరీ కాకూడదు. మంచి సంబంధం చూసుకుని పెళ్లి చేసుకుని అమెరికాలోనే సుఖంగా ఉండాలి. ఇందులో తప్పేముంది చెప్పండి? మన పిల్లలు కోరుకునేదీ అదేగా.

1890లో తల్లికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది. కొద్ది కాలం ఉండి అమ్మకు సాయం చేసి వెళ్లిపోదామనే ఐడా బయల్దేరింది. అప్పుడు తల్లిదండ్రులు తమిళనాడులోని తిండివనంలో ఉన్నారు.

ఒకే రాత్రి మూడు కబుర్లు

ఆ రాత్రి సంగతి ఆయా చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఐడా తన గదిలో దీపం ముందు కూర్చుని ఉంది. వరండాలో అడుగుల చప్పుడు. వచ్చినవాడు ఒక బ్రాహ్మణ యువకుడు. భార్యకు నొప్పులు మొదలై కాన్పు కష్టమైంది, మంత్రసాని చేతులెత్తేసింది, వచ్చి కాపాడమని అడిగాడు. ఐడా తనకు వైద్యం తెలియదంది. మా నాన్న డాక్టరు, ఆయనను పిలుస్తానంది. ఆ యువకుడు వెనక్కి తగ్గాడు. పరాయి మగవాడు తన భార్య ముఖం చూడటం జరగని పని అన్నాడు. ఆడమనిషి అయితేనే రావాలి. తలవంచుకుని వెళ్లిపోయాడు.

కొంతసేపటికి మళ్లీ అడుగులు. ఈసారి ఒక ముస్లిం. అదే కష్టం, అదే ప్రార్థన, అదే జవాబు. తండ్రి స్వయంగా బయటకొచ్చి తాను వస్తానన్నా ఒప్పుకోలేదు. పరదా దాటకూడదు. ఆయనా వెళ్లిపోయాడు. ఇంకొంతసేపటికి మూడో మనిషి. ఈయన మరో కులం హిందువు. కులాలు వేరు, మతాలు వేరు. ఆడదాని విషయం వచ్చేసరికి ముగ్గురి మాటా ఒకటే.

ఆ రాత్రి ఐడాకు నిద్ర లేదు. తెల్లారుతూనే వీధిలోంచి చావు డప్పు వినబడింది. నౌకరును పంపి కనుక్కుంటే ముగ్గురు తల్లులూ చనిపోయారు. తల్లిదండ్రులను పిలిచి తాను అమెరికా వెళ్లి డాక్టరు చదివి తిరిగి వస్తానని చెప్పింది. వద్దనుకున్న దేశానికే, వద్దనుకున్న పనికే ఆ పిల్ల తనను తాను రాసిచ్చేసింది.

ఆ మూడు ఇళ్ల గురించి వింటున్నప్పుడు నాకు మా ఇల్లు కనబడింది. అక్కడ మగడాక్టరును వద్దన్నది మగవాళ్లు. నా విషయంలో వద్దన్నది మా అత్తమ్మ, ఒప్పుకున్నది నేను. దాదాపు నూరేళ్లు గడిచాయి. తేడా అంతే.

పది అడుగుల గది

1895లో ఐడా ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. చివరి చదువు న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో. అక్కడ ఆడపిల్లలను చేర్చుకున్న తొలి బృందంలో ఆమె ఒకతె. 1899లో డాక్టరయింది. వేలూరులో ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టడానికి చందాల కోసం తిరిగింది. షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు చనిపోయిన తన భార్య గుర్తుగా ఏకంగా 10 వేల డాలర్లు ఇచ్చాడు.

1900 జనవరిలో స్నేహితురాలు ఆనీ హాంకాక్‌తో కలిసి ఇండియా చేరింది. అనుభవం ఉన్న తండ్రి పక్కనుంటాడు, పని నేర్చుకోవచ్చు అనుకుంది. అయిదు నెలలు కూడా తిరక్కుండానే, ఆ మే నెలలో తండ్రి పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల, చేతిలో పట్టా తప్ప అనుభవం లేదు. ఊళ్లోవాళ్లు తండ్రి దగ్గరకు వచ్చేవారు గానీ ఈమె దగ్గరకు రారు. ఆడడాక్టరు కావాలని ఏడ్చిన ఊళ్లే, తీరా ఆడడాక్టరు వస్తే నమ్మలేదు. చోద్యం కదా!

బంగళాలో పది అడుగులు, పన్నెండు అడుగుల గది ఒకటి ఆమె వైద్యశాల. ఒకే మంచం. మెల్లగా ఒకరు, ఇద్దరు వచ్చారు. తగ్గిన మనిషి పదిమందికి చెప్పింది. మొదటి ఆపరేషన్ చేసినప్పుడు పక్కన నిలబడి సాయం చేసింది చదువుకున్న నర్సు కాదు, వాళ్లింటి బట్లరు భార్య సాలోమి. వంటింట్లో పని చేసుకునే మనిషికి నేర్పించి పనిముట్లు అందించే దాన్ని చేసుకుంది. రెండేళ్లలో ఆ చిన్న గదిలో 5 వేల మందికి వైద్యం జరిగింది. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు.

ఆసుపత్రికి రాలేనివాళ్ల కోసం ఆవిడే దారి పట్టింది. మొదట ఎద్దులబండి. 1909లో ఒక చిన్న ఫ్రెంచి మోటారు కారు వచ్చింది. దాన్ని చూసి దయ్యం వస్తోందని పల్లెవాళ్లు పరుగెత్తారట. వారానికోసారి గుడియాత్తం దిక్కుకు వెళ్తూ దారిలో చెట్ల కింద ఆగి పుండ్లు కడిగేది, కళ్లకు మందు వేసేది. పోనుపోను ఆ చెట్ల కింద జనం ముందే వచ్చి కూర్చునేవాళ్లు. ఆ తోవ పల్లెల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. రాయవేలూరు డాక్టరమ్మ అన్న పేరు చిత్తూరు మీదుగా మన సీమలోకి నడిచి వచ్చింది అట్లాగే.

పద్నాలుగు మంది ఆడపిల్లలు

ఒక్క మనిషి ఎంతమందిని చూడగలదు? ఐడా ఆలోచన అక్కడే మలుపు తిరిగింది. తాను ఒక్కతే పదిమంది పని చేయడం కాదు, ఇక్కడి ఆడపిల్లల్నే డాక్టర్లను, నర్సులను చేయాలి. 1909లో నర్సుల బడి మొదలైంది. తర్వాత వైద్య కళాశాల పెడతానంటే ప్రభుత్వ పెద్దడాక్టరు నవ్వాడు. చదవడానికి ముగ్గురు ఆడపిల్లలు కూడా దొరకరన్నాడు. 1918లో బడి తెరిస్తే 150 మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. సొంత భవనం లేదు. కొన్ని పుస్తకాలు, ఒక మైక్రోస్కోపు, ఒక అస్థిపంజరం. అంతే వాళ్ల ఆస్తి.

చేరినవాళ్లలో 14 మంది చివరిదాకా నిలబడ్డారు. 1922లో మద్రాసు ప్రెసిడెన్సీ పరీక్షలు. మగపిల్లలే అయిదుగురిలో ఒక్కరు గట్టెక్కే పరీక్ష. మీ పిల్లలు తప్పితే బాధపడొద్దని ఐడాను ముందే ఓదార్చారు. ఫలితాలొచ్చాయి. పద్నాలుగు మందికి పద్నాలుగు మందీ పాసయ్యారు.

ఇదంతా సుఖంగా జరిగిపోయిందనుకోకండి. 1930ల చివర్లో ప్రభుత్వం డిప్లొమా చదువులు ఇక చెల్లవని, విశ్వవిద్యాలయం డిగ్రీ ఉండాలని నిబంధన పెట్టింది. కొత్త భవనాలు, ప్రొఫెసర్లు, పరికరాలు లేకపోతే కాలేజీ మూతపడుతుంది. 1941లో, డెబ్బై ఏళ్ల వయసులో, ఐడా మళ్లీ అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి చందాలు అడిగింది. అప్పుడొక చిక్కు వచ్చింది. డబ్బులిచ్చే సంఘాల్లో కొన్ని మగపిల్లల్నీ చేర్చుకుంటేనే ఇస్తామన్నాయి. ఆడవాళ్ల కోసమే కట్టిన కాలేజీలోకి మగవాళ్లా అని ఆవిడకు దశాబ్దాలుగా అండగా నిలిచిన స్నేహితురాళ్లే ఎదురు తిరిగారు. ఐడా చాలా నలిగిపోయింది. చివరికి కాలేజీ బతకడమే ముఖ్యమనుకుంది. 1942లో డిగ్రీ చదువు మొదలైంది. 1947లో మగపిల్లలు చేరారు.

ఈ భాగం చెప్పేటప్పుడు ఆయా నా వంక చూసి నవ్వింది. ఎందుకంటే ఆ పొద్దున నా బిడ్డకు ఆపరేషన్ చేసింది మగడాక్టరే.

నా బిడ్డ పొట్ట మీద జరిగిన పని

ఆ డాక్టరు నన్ను కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాడు. ఆయా తెలుగులోకి మార్చింది. తల్లి కడుపులో ఆరో వారం నుంచి పదో వారం దాకా ప్రతి బిడ్డకూ పేగులు బొడ్డుతాడులోకి వచ్చి పెరుగుతాయట. పొట్టలో అప్పుడు చోటు చాలదు. పన్నెండో వారానికల్లా అవి వెనక్కి వెళ్లిపోతాయి, పొట్ట గోడ మూసుకుంటుంది. నాలుగైదు వేల కాన్పుల్లో ఒక బిడ్డకు అవి వెనక్కి వెళ్లవు. నా బిడ్డకు జరిగింది అదే. గ్రహణం కాదు, స్వామి కోపం కాదు, నేను తరిగిన కూరలు కాదు. నేను గర్భవతినని నాకే తెలియని రోజుల్లో జరిగిపోయిన విషయం. ఆ మాట విని నేను ఏడ్చిన ఏడుపు అంతా ఇంతా కాదు.

ఇందులో రకాలున్నాయి. మా పాపకు పేగుల మీద పొర ఉంది. కొందరికి పొర ఉండదు, బొడ్డు పక్కన, ఎక్కువగా కుడివైపున, రంధ్రంలోంచి పేగులు నేరుగా బయట పడతాయి. అది ఇంకా తొందరగా చూడాల్సిన సంగతి. కొందరికి లోపం పొట్టతో ఆగదు. రొమ్ము ఎముక మధ్యకు చీలి, చర్మం కింద గుండె కొట్టుకోవడం కంటికి కనబడుతుంది. ఎముకలు లేతగా వంగే రోజుల్లోనే, పుట్టిన కొద్ది వారాల్లోనే దాన్ని దగ్గరకు చేర్చి కుట్టడం మేలట. పొట్ట గోడ, రొమ్ము ఎముక కిందిభాగం, పొట్టకూ ఛాతీకి మధ్య ఉండే డయాఫ్రం పొర, గుండె చుట్టూ ఉండే తొడుగు, గుండె, ఈ అయిదింటిలోనూ లోపం కలిసి వచ్చే అరుదైన స్థితిని 1958లో కాంట్రెల్ అనే అమెరికన్ సర్జను తన బృందంతో కలిసి వివరించాడు. అందుకే పొట్ట చూసిన డాక్టరు ముందుగా గుండెను పరీక్షిస్తాడు. మా పాప గుండె బాగుందని చెప్పినప్పుడు నాకు సగం ప్రాణం లేచొచ్చింది.

సంచి చిన్నదైతే లోపలికి నెట్టి ఒకేసారి కుట్టేస్తారు. పెద్దదైతే అట్లా కుదరదు. పేగులు, కాలేయం బయటే పెరగడం వల్ల లోపల గది చిన్నదిగా ఉండిపోతుంది. బలవంతంగా తోస్తే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడి బిడ్డ ఊపిరాడక పోతుంది. అందుకని 1948లో అమెరికాలో గ్రాస్ అనే డాక్టరు రెండు విడతల పద్ధతి చెప్పాడు. ముందు పక్కల చర్మాన్ని వదులు చేసి మీదికి లాగి కప్పేయడం. బిడ్డ పెరిగి పొట్టలో చోటు వచ్చాక కండరాలను దగ్గరకు తెచ్చి కుట్టడం. 1967లో షూస్టర్ అనే ఇంకో సర్జను పేగుల చుట్టూ కృత్రిమ గుడ్డతో సంచి కుట్టి, రోజుకు కాస్త బిగిస్తూ లోపలికి పంపే మార్గం చూపించాడు. మరీ పెద్ద సంచి అయితే పొర మీద మందు పూస్తూ, చర్మం దానంతటదే పాకేదాకా నెలల తరబడి ఓపిక పట్టడమూ ఉంది.

మా పాపకు రెండు విడతల్లో చేశారు. మొదటిది పుట్టిన మూడో రోజున. రెండోది రెండేళ్లు నిండాక. ఆ మధ్య రెండేళ్లు పొట్ట ముందుకు ఉబ్బి ఉండేది. నడుముకు మెత్తటి గుడ్డ చుట్టి పెంచాను.

విశాఖ ఆడపడుచు

1946లో ఐడా బాధ్యతల నుంచి తప్పుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఆ రోజుల్లో కాలేజీ పగ్గాలు పట్టిన తొలి భారతీయురాలు ఎవరో తెలుసా? డాక్టర్ హిల్డా లాజరస్. 1890లో మన విశాఖపట్నంలో పుట్టిన మనిషి. మద్రాసులో చదివి, విదేశాల్లో పై పరీక్షలు రాసి, ప్రభుత్వ మహిళా వైద్య సర్వీసులో పెద్ద పదవులు చేసి వచ్చింది. కాలేజీకి పూర్తి గుర్తింపు రావాలంటే కావాల్సిన కష్టమంతా ఆమె కాలంలో పడ్డారు. 1961లో పద్మశ్రీ వచ్చింది. 1978లో విశాఖలోనే కన్నుమూసింది. అమెరికా నుంచి వచ్చిన ఆవిడ మొదలుపెట్టిన పనిని మన తెలుగు ఆడపడుచు భుజానికెత్తుకుందని తెలిసినప్పుడు ఎంత గర్వమనిపించిందో!

ఐడా తన పని ఎంత దూరం వెళ్లిందో కళ్లారా చూసుకుంది. 1948లో పాల్ బ్రాండ్ కుష్టువ్యాధితో వంకరపోయిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. రీవ్ బెట్స్ అనే సర్జను 1949లో ఛాతీ శస్త్రచికిత్స విభాగం నెలకొల్పాడు. మన దేశంలో అట్లాంటిది అదే మొదటిది. ఒకనాడు బట్లరు భార్య సాయంతో కత్తి పట్టిన చోట ఛాతీ తెరిచి ఊపిరితిత్తులకు, గుండెకు వైద్యం చేసే రోజులు వచ్చాయి. ఆవిడ పోయిన మరుసటి ఏడాది, 1961లో, గుండె తెరిచి చేసే ఆపరేషన్ అక్కడ జరిగింది.

ఐడా పెళ్లి చేసుకోలేదు. చివరి రోజులు కొడైకెనాల్ కొండమీది ఇంట్లో గడిపింది. పూలమొక్కలంటే ప్రాణం. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆవిడకు చేరిందని చెప్పుకుంటారు. 1960 మే 24న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో ప్రాణం విడిచింది. వేలూరు వీధుల్లో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఆవిడ వెంట నడిచారు.

మాకు మిగిలింది

ఆపరేషన్ అయ్యాక ఇరవై రెండో రోజున బిడ్డతో ఊరికి తిరిగొచ్చాం. మా అత్తమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమీ అనలేదు. బిడ్డను అందుకుని గుడ్డ తొలగించి ఆ కుట్లను చాలాసేపు చూసింది. రెండో కాన్పుకు నేను అడక్కముందే ఆసుపత్రికి పోదాం పదమంది. అక్కడ ఉన్నది మగడాక్టరని తెలిసి కూడా నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది ఆమే. పోయేదాకా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పెద్దమ్మాయి చదువుకుని టీచరయింది. పెళ్లిచూపుల్లో మచ్చ సంగతి దాచేద్దామని చుట్టాలు చాలామంది సలహా ఇచ్చారు. అదే ఒప్పుకోలేదు. ముందే చెప్పింది. రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడో అబ్బాయి ఒక్క ప్రశ్న అడిగాడట, ఇప్పుడేమైనా నొప్పి ఉందా అని. అతనే మా అల్లుడు.

అది గర్భవతి అయినప్పుడు నా భయం దేవుడికే తెలుసు. అయిదో నెలలో స్కానింగు చేశారు. తెర మీద బిడ్డ పొట్ట, గుండె అన్నీ చూపించి డాక్టరమ్మ సరిగ్గా ఉన్నాయంది. పొట్ట లోపం ఒక్కటే ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అది తరతరాలకూ వచ్చేది కాదట. నా రోజుల్లో ఆ స్కానింగు పల్లెలకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. పద్దెనిమిది, ఇరవై వారాల మధ్య ఒక్కసారి చేయించుకుంటే ఇట్లాంటి లోపాల్లో చాలావరకు ముందే తెలుస్తాయి. ముందే తెలిస్తే పిల్లల సర్జన్లున్న పెద్దాసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవచ్చు. నాలాగా రాత్రంతా జీపులో బిడ్డ ఊపిరి లెక్కపెట్టుకుంటూ పోనక్కర్లేదు.

పోయినసారి పారువేటకు అది కొడుకునెత్తుకుని వచ్చింది. వాడు ఎగువ గుడిలో విగ్రహం చూసి, స్వామి ఆ రాక్షసుడి పొట్ట ఎందుకు చింపాడని అడిగాడు. చెడ్డవాడు కాబట్టి అని చెప్పాను. మరి అమ్మ పొట్ట ఎవరు చింపారు అన్నాడు. చింపలేదు నాయనా, కుట్టారు అన్నాను. ఎవరు కుట్టారని అడిగాడు. దిగేదారి మెట్ల మీద వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రాయవేలూరు డాక్టరమ్మ కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను.